ఫంక్షన్ ఘనంగా, సంగతి గుట్టుగా

విజయవాడలోనైనా గుంటూరులోనైనా ఆడపిల్ల పెద్దమనిషైతే ఆ కబురు దాగదు. మేనమామ పట్టుచీర తెస్తాడు. ఫంక్షన్ హాలు మాట్లాడతారు. కాస్త కలిగినవాళ్లైతే సందు మొదట్లో ఫ్లెక్సీ కూడా లేస్తుంది. అదే పిల్లకు ప్యాడ్ ఎన్ని గంటలకోసారి మార్చుకోవాలో మాత్రం ఎవరో చెవిలో చెప్పాలి, చాలా ఇళ్లలో ఆ ఎవరో ఉండరు. ఇంత చాటింపూ ఇంత గుట్టూ ఒకే గుమ్మంలో ఎలా ఇమిడాయో తెలియాలంటే వందేళ్లు వెనక్కి వెళ్లాలి.

అప్పట్లో చాటింపుకు ఒక అవసరం ఉండేది. బ్రాహ్మణ, వైశ్య ఇళ్లలో రజస్వల కాకముందే పెళ్లి చేసేసేవాళ్లు. పిల్ల పుట్టింట్లోనే పెరిగేది. సమర్తాడిందన్న కబురు అత్తవారికి చేరితే పునస్సంధానానికి, అంటే శోభనానికి, ముహూర్తం చూసేవారు. మిగతా కులాల్లో అది పిల్ల పెళ్లీడుకొచ్చిందని బంధువులకు తెలిపే పద్ధతి. ఎటు చూసినా ఆ వేడుక పిల్ల ఒంటి కోసం పుట్టింది కాదు, పెళ్లి కోసం పుట్టింది. 1930 ఏప్రిల్ 1న శారదా చట్టం అమల్లోకి వచ్చి ఆడపిల్లకు పెళ్లీడు 14 ఏళ్లంది. ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న యానాంలో ఆ చట్టం చెల్లదు కాబట్టి అక్కడికి తరలివెళ్లి బాల్యవివాహాలు చేసుకొచ్చిన తెలుగు కుటుంబాలు బోలెడు. 1978లో ఆ వయసు 18కి పెరిగింది. పదమూడేళ్ల పిల్ల పెద్దమనిషైతే ఊరికి చెప్పాల్సిన పని అక్కడితో తీరిపోవాలి. తీరలేదు సరికదా, ఓణీల ఫంక్షన్‌గా మారి పెళ్లికి పోటీ వచ్చింది.

హాలు హంగు అటుంచి, ఇంట్లో జరిగే తంతు చూద్దాం. పిల్లను ఓ మూల తాటాకు చాప మీద కూర్చోబెడతారు. కంచం వేరు, గ్లాసు వేరు. నువ్వులూ బెల్లం దంచిన చిమ్మిలి పెడతారు. చిమ్మిలిని నేను తప్పుపట్టను, నువ్వుల్లో ఇనుము ఉంది, కాల్షియం ఉంది, ఎదిగే పిల్లకు రెండూ కావాలి. చిక్కంతా మిగతా కట్టుబాట్లతోనే. నాలుగో రోజు దాకా తలకు పోసుకోకూడదనడం, ఒంటి స్నానం కూడా అంతంతమాత్రంగా ముగించడం చాలా ఇళ్లలో ఆచారంగా సాగాయి. శుభ్రం ఎక్కువగా కావాల్సిన రోజుల్లోనే నీళ్లకు దూరం పెట్టడమన్నమాట.

ఇక గుడ్డల సంగతి. పాత నూలు చీరలు, పాత పంచెలు చింపి మడతపెట్టి వాడేవాళ్లు. నిజానికి అది చెడ్డ వస్తువు కాదు. మెత్తగా ఉంటుంది, పీల్చుకుంటుంది. సబ్బుతో ఉతికి ఎర్రటి ఎండలో ఆరేస్తే ఇవాళ్టికీ పనికొస్తుంది. కానీ ఆ గుడ్డ మగవాళ్ల కంట పడకూడదు. దడి వెనకో, చూరు కిందో, మరో బట్ట చాటునో ఆరేసేవాళ్లు. ఎండ తగలని గుడ్డ సరిగా ఆరదు. ఆ చెమ్మకు దురదలు, తొడలు ఒరుసుకుపోవడం, ఇన్ఫెక్షన్లు. తప్పు గుడ్డది కాదు, దాన్ని దాచాల్సి రావడానిది.

ఈ గుట్టు మీద దెబ్బ పడటం మన దగ్గర ఆలస్యమేమీ కాలేదు. 1883లో అమెరికన్ లూథరన్ మిషన్ తరఫున గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో ఇక్కడ ఆసుపత్రి తెరిచారు. మగ వైద్యుడి ముందు నోరు విప్పని ఆడవాళ్లకు తమ బాధ చెప్పుకునే చోటు దొరికింది. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు గుంటూరులోనే శారదానికేతనం పెట్టి ఆడపిల్లల చదువుకు దారి వేశారు. అటు విజయవాడ పటమటలో గోరా, సరస్వతీ గోరా నడిపిన నాస్తిక కేంద్రం మైల పట్టింపులు సహా మూఢనమ్మకాలన్నిటినీ ఎదిరించింది. ఆ కుటుంబం చేతుల మీదుగానే 1969లో వాసవ్య మహిళా మండలి మొదలైంది. ఇంతమంది ఉన్నా అమ్మా కూతుళ్ల మధ్య ఆ మాట తేలిగ్గా కదల్లేదు.

మాట కంటే ముందు సరుకు వచ్చింది. కేర్‌ఫ్రీ ప్యాడ్లు కొద్దిమంది ఇళ్లకే తెలుసు. 1980ల చివర్లో విస్పర్ వచ్చాక టీవీ ప్రకటనలు హోరెత్తాయి. తెల్ల ప్యాంటు వేసుకున్న అమ్మాయి పరుగెడుతుంది, ప్యాడ్ మీద నీలం నీళ్లు పోస్తారు. రక్తం అన్న మాటా లేదు, రంగూ లేదు. విజయవాడ బీసెంట్ రోడ్డు మందుల షాపులోనైనా గుంటూరు బ్రాడీపేటలోనైనా ప్యాకెట్‌ను న్యూస్‌పేపర్‌లో చుట్టి నల్ల కవర్లో పెట్టివ్వడం అలా స్థిరపడిపోయింది. చూరు కింది గుడ్డ నల్ల కవర్లోకి మారింది, అంతే.

తర్వాత ప్రభుత్వాల వంతు. 2011లో కేంద్రం 10 నుంచి 19 ఏళ్ల గ్రామీణ బాలికల కోసం ఫ్రీడేస్ ప్యాడ్లు తెచ్చింది. ఆశా కార్యకర్తలు 6 ప్యాడ్ల ప్యాకెట్‌ను 6 రూపాయలకు అమ్మారు. పల్లెల పథకం కాబట్టి బెజవాడ కొండల మీది ఇళ్ల పిల్లలు లెక్కలోకి రాలేదు. 2017 జులైలో ప్యాడ్ల మీద 12 శాతం జీఎస్టీ వేశారు, గొడవయ్యాక ఏడాదికి తీసేశారు. 2019 ఆగస్టు నుంచి జన ఔషధి షాపుల్లో ప్యాడ్ రూపాయికి వచ్చింది. 2021 అక్టోబర్ 5న తాడేపల్లిలో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ ‘స్వేచ్ఛ’ పథకం ప్రభుత్వ బడుల్లో, కాలేజీల్లో 7 నుంచి ఇంటర్ దాకా చదివే బాలికలకు నెలకు 10 ప్యాడ్లు ఉచితమంది. మంచి పనే. కానీ అయిదు రోజులు, ఆరు గంటలకొకటి చొప్పున మారిస్తే 20 కావాలి. సగంతో సరిపెట్టాల్సిన పిల్ల ఒక్కో ప్యాడ్‌ను పన్నెండేసి గంటలు ఉంచుకుంటుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో నెలసరికి శుభ్రమైన పద్ధతులు వాడుతున్నవారు దేశంలో 2015-16లో 57.6 శాతం, 2019-21లో 77.3 శాతం. ఈ అంకె ఏం వాడుతున్నారో చెబుతుంది. ఎప్పుడు మారుస్తున్నారో, బడి మరుగుదొడ్డికి గడియ ఉందో లేదో చెప్పదు. మార్చుకోవడానికి చాటు, కడుక్కోవడానికి నీళ్లు, పారేయడానికి మూతున్న బుట్ట, ఈ మూడూ లేని బడిలో ఉచిత ప్యాడ్ సంచిలోనే ఉంటుంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లు మునిగినప్పుడు, చుట్టూ నీళ్లే ఉండి కడుక్కోవడానికి చెంబెడు మంచినీళ్లు లేకపోవడం అంటే ఏమిటో ఆ ఇళ్ల ఆడపిల్లలకు తెలుసు.

పాఠం విషయానికొస్తే, కౌమార దశ చాలా ఏళ్లు ఎనిమిదో తరగతి పుస్తకంలో ఉండేది. ప్యాడ్ ఏడులో, పాఠం ఎనిమిదిలో. ఆరో తరగతిలోనే పెద్దమనిషయ్యే పిల్లలు ఎంతమంది లేరు? వాళ్లు మొదటిసారి రక్తం చూసి ఏదో జబ్బు చేసిందని ఏడుస్తారు. పదేళ్లు నిండిన పిల్లకు ఇంట్లోనే ముందుగా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి ప్యాడ్ మార్చాలి. రోజూ స్నానం చేయాలి, తలకూ పోసుకోవచ్చు. బయటి భాగాన్ని మామూలు నీళ్లతో కడుక్కుంటే చాలు, లోపల సబ్బులూ సెంటు ద్రావకాలూ అక్కర్లేదు. చంకల్లో చెమట వాసన, మొటిమలు, తెల్లబట్ట కొద్దిగా కావడం ఆ వయసుకు మామూలే. తెల్లబట్ట దుర్వాసనతోనో దురదతోనో ఉంటే చూపించుకోవాలి. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం ఐరన్ మాత్రను కిటికీలోంచి విసిరేయకూడదు.

మొదటి రెండు మూడేళ్లు నెలసరి లెక్క తప్పుతూనే ఉంటుంది, 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా కంగారు పడనక్కర్లేదు. అసలే కుదురుకోని ఆ లెక్కను దసరాకు దుర్గమ్మ కొండెక్కాలనో, ఇంట్లో పెళ్లుందనో డాక్టర్నడక్కుండా మాత్రలు కొని వాయిదా వేయించడం ఈ రెండు ఊళ్లలో మామూలైపోయింది. ఏడు రోజులు దాటి రక్తం పోతున్నా, గంటకో ప్యాడ్ తడుస్తున్నా, మూడు నెలలు రాకపోయినా, 15 ఏళ్లు నిండినా అసలు మొదలుకాకపోయినా పిల్లను తీసుకెళ్లాల్సింది డాక్టర్ దగ్గరికే.