తివాచీలు, పసిచేతులు: అపోహలు - వాస్తవాలు

అపోహ: సన్నని ముడులు పిల్లల వేళ్లకే సాధ్యం.

ఉత్తరప్రదేశ్‌లోని భదోహి, మీర్జాపూర్ తివాచీ మగ్గాల మధ్య తిరుగుతూ బాలకార్మికులను విడిపించే మాకు ఈ మాట వింటేనే ఒళ్లు మండుతుంది. పడుగు (నిలువు) దారాలకు ఉన్ని చుట్టి ముడి వేయాలి, కత్తితో కోయాలి. వరుస పూర్తయ్యాక పేక (అడ్డదారం) వేసి, దువ్వెనలాంటి ఇనుప పనిముట్టుతో గట్టిగా కొట్టి దించాలి. దీనికి కావలసింది ఏళ్ల సాధన, నమూనా చదవగల కన్ను, భుజాల్లో సత్తువ. పిల్లల వేళ్లకు ప్రత్యేకమైన నేర్పేమీ లేదని 1990లలో అంతర్జాతీయ కార్మిక సంస్థ అధ్యయనం కూడా తేల్చింది. పిల్లలు చవకగా దొరుకుతారు, ఎదురు తిరగరు. వాళ్లను మగ్గం ముందు కూర్చోబెట్టేది అందుకే.

అపోహ: ఇంట్లోనే కులవృత్తి నేర్చుకుంటున్నారు, తప్పేముంది?

పద్నాలుగేళ్లలోపు పిల్లలతో ఏ పనీ చేయించకూడదని బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ చెబుతోంది. బడి వేళలు ముగిశాక, సెలవుల్లో ప్రమాదకరం కాని పనుల్లో సొంత కుటుంబానికి సాయపడటానికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. మగ్గాలు ఉండేదే ఇళ్లలో కాబట్టి ఆ మినహాయింపు పెద్ద కంత అని నా గట్టి అభిప్రాయం. అడిగితే యజమాని "మా మేనల్లుడు" అంటాడు. అప్పుడు బాబును పక్కకు పిలిచి ఏ తరగతి, మాస్టారి పేరేమిటి అని అడుగుతాం. వేళ్ల మీద కత్తిగాట్లు చూస్తాం. బడికి వెళ్లి హాజరుపట్టీ తిరగేస్తాం. చాలాసార్లు ఆ "మేనల్లుడు" బీహార్ నుంచో జార్ఖండ్ నుంచో వచ్చినవాడు. తండ్రి తీసుకున్న అడ్వాన్సుకు కొడుకు చాకిరీ చేస్తుంటాడు. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం ఆ అప్పు చెల్లదు, తీర్చనక్కరలేదు. ఈ సంగతి ఆ తండ్రికి ఎవరూ చెప్పరు.

అపోహ: లేబుల్ ఉంటే ఇక దిగులు లేదు.

బాలల హక్కుల ఉద్యమకారుడు కైలాశ్ సత్యార్థి చొరవతో 1994లో, బాలకార్మికులు నేయని తివాచీలకు ఇచ్చే రగ్‌మార్క్ లేబుల్ మొదలైంది, అదే తర్వాత గుడ్‌వీవ్ అయింది. లేబుల్ మీది నంబరును బట్టి సరుకు మూలాన్ని పట్టుకోవచ్చు, చెప్పకుండా తనిఖీలు జరుగుతాయి. మంచి పనే. కానీ ఊరూరా చెదిరి ఉన్న మగ్గాలన్నిటికీ కాపలా అసాధ్యం.

అపోహ: విడిపించి ఇంటికి పంపితే పని అయిపోయినట్టే.

అప్పు, ఆకలి అలాగే ఉంటే దళారి మళ్లీ వస్తాడు. అందుకే 1996లో సుప్రీంకోర్టు యజమాని ఒక్కో బిడ్డకు 20,000 రూపాయలు చెల్లించాలని, ప్రభుత్వం ఆ ఇంట్లో ఒక పెద్దవారికి పని చూపించడానికి ప్రయత్నించాలని చెప్పింది. మీ ఎదుట ఇలాంటి బిడ్డ కనబడితే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి. వెట్టి నుంచి విడుదలైనట్టు అధికారులిచ్చే పత్రం చేతికి అందాకే ఇంటికి పంపమని పట్టుబట్టండి. పరిహారం అడగడానికి ముఖ్యమైన ఆధారం అదే.