"సిస్టం ఆన్ కావట్లా": పాత కంప్యూటర్ల గురించి అపోహలు - వాస్తవాలు

ఒంగోల్లో నేను కంప్యూటర్లు బాగుచేయడం మొదలుపెట్టి 18 ఏళ్లు దాటింది. చీమకుర్తి, టంగుటూరు, కొత్తపట్నం, పొదిలి, ఎక్కడి నుంచి ఫోన్ వచ్చినా మొదటి మాట ఒకటే: "అన్నా, సిస్టం ఆన్ కావట్లా."

ఆ ఒక్క మాట వెనక అయిదారు వేర్వేరు జబ్బులుంటాయి. బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేకపోవడం ఒకటి. ఫ్యాన్ తిరుగుతూ తెర మాత్రం నల్లగా ఉండిపోవడం ఇంకొకటి. కంపెనీ బొమ్మ దగ్గరే ఆగిపోవడం, నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో ఏదో ఇంగ్లిషు ముక్క రావడం, విండోస్ గుర్తు వచ్చి మళ్లీ మొదటికి పోవడం... వీటిలో ఏ రెండింటికీ మందు ఒకటి కాదు. అందుకే నేను ముందు అడిగేది "ఎక్కడిదాకా వచ్చి ఆగుతోంది?" అని.

కంప్యూటర్ లేవడానికి ఒక వరస ఉంది. ముందు ఎస్ఎంపీఎస్, అంటే క్యాబినెట్లో కరెంటు అందించే డబ్బా, తన వోల్టేజీలు నిలకడగా ఉన్నాయని మదర్‌బోర్డుకి సంకేతం పంపుతుంది. తర్వాత బోర్డులోనే ఉండే బయోస్ అనే తొలి ప్రోగ్రామ్ మేలుకొని ప్రాసెసర్, ర్యామ్, డిస్‌ప్లే ఉన్నాయో లేదో చూసుకుంటుంది. ఆ తర్వాత డిస్కుని వెతుకుతుంది. డిస్కు దొరికితే అప్పుడు విండోస్ వంతు. బండి ఏ స్టేషన్లో ఆగిందో తెలిస్తే అది దాటి వచ్చిన పట్టాలు దాదాపు బాగున్నట్టే. తెర మీద ఒక్క అక్షరం కనపడినా ర్యామ్, డిస్‌ప్లే చాలావరకు పనిచేస్తున్నాయని అర్థం.

అపోహ: లేవకపోతే విండోస్ పోయినట్టే. ఫార్మాట్ కొడితే సరిపోద్ది.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టే అపోహ ఇది. ఫార్మాట్ అంటే డిస్కులో ఉన్నది చెరిపెయ్యడం, అది చివరి మందు. దాన్ని మొదటి మందుగా వాడబట్టే మన ఊళ్లలో ఎన్నో ఇళ్ల ఫోటోలు, ఎన్నో కొట్ల లెక్కలు మట్టిలో కలిసిపోయాయి.

పని నేర్చుకున్న కొత్తలో నేను కూడా ఈ తప్పు చేశాను. ఒక పెద్దాయన కంప్యూటర్ తెచ్చాడు. "బాబాయ్, మీ డేటా డీ డ్రైవ్‌లోనే ఉందిగా?" అని అడిగాను. "ఆ, అందులోనే ఉందబ్బాయ్" అన్నాడు. సీ డ్రైవ్ ఫార్మాట్ చేసి కొత్త విండోస్ ఎక్కించాను. వాళ్లమ్మ పోయేముందు తీసిన ఫోటోలన్నీ డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్లో ఉన్నాయి. డెస్క్‌టాప్ అనేది సీ డ్రైవ్‌లోనే ఉంటుందని ఆయనకి తెలియదు. తెలిసిన నేను అడగాల్సినట్టు అడగలేదు. రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి రెండు రోజులు కూర్చుంటే కొన్నే తిరిగొచ్చాయి, వాటిలోనూ చాలావరకు సగం సగం బొమ్మలు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి నేను "డేటా ఎక్కడుంది?" అని అడగను. "తెర మీద కనపడేవాటిలో మీకు కావాల్సినవి ఏంటి?" అని అడుగుతాను. ముందు డిస్కు తీసి వేరే సిస్టంకి తగిలించి డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మూడూ కాపీ చేసుకుంటాను. మిగతా పని ఆ తర్వాతే.

విండోస్ లేవనంత మాత్రాన డిస్కులోని ఫైళ్లు పోవు. బీరువా తాళం విరిగితే లోపలి చీరలు కాలిపోవు కదా. ఒకవేళ ఎవరో ఫార్మాట్ కొట్టేశారే అనుకుందాం. పాత హార్డ్ డిస్కులో క్విక్ ఫార్మాట్ అయితే, దాని మీద ఇంకేమీ రాయకుండా వెంటనే ఆపేస్తే చాలావరకు తిరిగి తీయొచ్చు. పైన విండోస్ ఎక్కించేకొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది. ఎస్ఎస్‌డీ (లోపల తిరిగే పలకలు లేని కొత్తరకం డిస్కు) అయితే ఆ ఆశ దాదాపు వదులుకోవాల్సిందే. ఖాళీ అయిన చోటుని అది తనంతట తానే తుడిచేసుకుంటుంది.

అపోహ: బోర్డు మీది బిళ్ల సెల్ పోతే టైము తప్పు చూపిస్తుంది, అంతే.

సీఆర్2032 అనే 3 వోల్టుల సెల్ అది, అర్ధరూపాయి బిళ్లంత ఉంటుంది. అది చేసేది టైము చూసుకోవడం ఒక్కటే కాదు. పాత బోర్డుల్లో బయోస్ సెట్టింగులన్నీ దాని మీదే నిలబడతాయి. సెల్ చచ్చి, కరెంటు కూడా పోతే బోర్డు ఫ్యాక్టరీ సెట్టింగులకి వెళ్లిపోతుంది. చాలాసార్లు "ఎఫ్1 నొక్కండి" అని అడిగి ముందుకు పోతుంది, పనికి ఇబ్బంది ఉండదు. ఇబ్బందల్లా డిస్కుని చదివే పద్ధతి మారినప్పుడే.

టంగుటూరు వైపు పొగాకు వ్యాపారం చేసే ఒకాయన కంప్యూటర్ ఇలాగే వచ్చింది. విండోస్ గుర్తు ఒక్క క్షణం మెరుస్తుంది, నీలం తెర వచ్చి మాయమవుతుంది, మళ్లీ మొదలు. అప్పటికే ఒకరు చూసి ఫార్మాట్ తప్పదన్నారట. వేలం రోజులు, లెక్కలన్నీ అందులోనే, ఆయన టెన్షన్ చూడలేకపోయాను. బయోస్‌లోకి వెళ్తే తేదీ 2009 చూపిస్తోంది. డిస్కు పద్ధతి ఏహెచ్‌సీఐ ఉండాల్సింది ఐడీఈకి మారిపోయింది. విండోస్ ఎక్కించింది ఏహెచ్‌సీఐలో కాబట్టి తన డిస్కు తనకే కనపడక అది కూలిపోతోంది. ఆ నీలం తెర మీద చివర 7బి అని ఉంటే ముందు చూడాల్సింది ఇదే. సెల్ మార్చి, సెట్టింగు సరిచేసి, తేదీ పెట్టాను. పది నిమిషాల పని. ఒక్క ఫైలు కదల్లేదు.

తేదీ సంగతి కూడా చిన్నది కాదు. సిస్టం 2009లో ఉంటే బ్రౌజర్ ఏ సురక్షిత సైటునీ నమ్మదు. సైటు సర్టిఫికెట్ ఇంకా పుట్టలేదని దాని లెక్క. జీఎస్టీ సైటు తెరుచుకోవట్లేదని వచ్చిన సిస్టాలకి సెల్ మార్చి పంపించిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి.

అపోహ: ఫ్యాన్ తిరుగుతోంది కాబట్టి ఎస్ఎంపీఎస్ బాగున్నట్టే.

ఫ్యాన్ తిరగడానికి పెద్ద బలం అక్కర్లేదు. అసలు పరీక్ష బరువు పడినప్పుడు ఉంటుంది. 12 వోల్టుల లైను 11.4 కన్నా తగ్గకూడదు, 12.6 దాటకూడదు. 5 వోల్టులకీ ఇలాగే నూటికి అయిదు అటూ ఇటూ. మల్టీమీటర్ పెట్టి, బోర్డుకి తగిలించి ఉండగానే చూడాలి. బోర్డు నుంచి విడిగా తీసి, దాని పచ్చ వైరునీ నల్ల వైరునీ కలిపి "తిరిగింది, బాగుంది" అనడం సగం పరీక్షే.

బోర్డు మీద ప్రాసెసర్ చుట్టూ ఉండే కెపాసిటర్ల తలలు కూడా చూడండి. తల చదునుగా ఉండాలి. పూరీలా ఉబ్బినా, పైన గోధుమరంగు కారినా అవి పోయినట్టే. 2000 తర్వాతి కొన్నేళ్లలో వచ్చిన బోర్డుల్లో ఈ జబ్బు ఎక్కువ. అప్పట్లో చాలా కెపాసిటర్లలో నాసిరకం ద్రావణం పోశారు. ఓపికున్న మెకానిక్ అయితే వాటిని మార్చి బోర్డుని బతికిస్తాడు.

ఒక్క హెచ్చరిక. ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం ఇంట్లో విప్పొద్దు. ప్లగ్గు పీకేసినా లోపలి పెద్ద కెపాసిటర్లో 300 వోల్టుల డీసీ కాసేపు నిలిచి ఉండొచ్చు.

క్యాబినెట్ ముట్టుకుంటే చురుక్కుమంటోందంటే ఇంటి ఎర్తింగ్ చూపించండి. మన దగ్గర ఎండాకాలం ఎర్త్ గుంట ఎండిపోయి పేరుకే మిగులుతుంది. వారానికొకసారి రెండు బిందెల నీళ్లు పొయ్యండి. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను విరగ్గొట్టి పెట్టుకోవడం కన్నా పెద్ద ప్రమాదం లేదు.

అపోహ: ఫ్యాన్ తిరిగి తెర నల్లగా ఉంటే మదర్‌బోర్డు పోయినట్టే.

కొత్తపట్నం, పాకల వైపు నుంచి వచ్చే సిస్టాల్లో ముందు ర్యామ్ తీసి చూస్తాను. సముద్రం మీది ఉప్పుగాలికి ర్యామ్ పిన్నుల మీద కంటికి కనపడని మసక పొర పడుతుంది. ప్లగ్గు పీకేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకొని, ఆ తర్వాత ర్యామ్ తియ్యండి. పిల్లలు వాడే మెత్తటి తెల్ల రబ్బరుతో పిన్నులు నెమ్మదిగా రుద్ది, పొడి మొత్తం తుడిచెయ్యండి. గరుకు రబ్బరు, ఉప్పు కాగితం వద్దు, పైన ఉన్న బంగారు పూత లేచిపోతుంది. తిరిగి పెట్టేటప్పుడు రెండు వైపులా లాకు టక్కుమనాలి. రెండు ముక్కలుంటే ఒక్కోదాన్ని విడిగా పెట్టి చూడండి.

బోర్డు బతికుందో లేదో తెలుసుకోవడానికి ఒక చిట్కా చెప్తాను. క్యాబినెట్లో చిన్న స్పీకర్ ఉంటే ర్యామ్ మొత్తం తీసేసి ఆన్ చెయ్యండి. అది బీప్ బీప్ అని అరిచిందంటే బోర్డూ ప్రాసెసరూ ప్రాణంతో ఉన్నాయి, ర్యామ్ లేదని మొత్తుకుంటున్నాయి. ఆ అరుపు వింటే నాకు సగం ధైర్యం వస్తుంది. చాలా బోర్డుల్లో ఒక పొడుగు, రెండు పొట్టి బీప్‌లంటే డిస్‌ప్లే వైపు లోపం. ఒకే ఒక్క పొట్టి బీప్ అంటే అంతా సవ్యంగా ఉందని.

గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టంలో మానిటర్ వైరు కార్డుకి కాకుండా బోర్డుకి గుచ్చి ఉంటే కూడా తెర నల్లగానే ఉంటుంది. ఇల్లు మారినప్పుడల్లా జరిగే పొరపాటు ఇది.

అపోహ: హార్డ్ డిస్క్ టక్ టక్ అంటుంటే రెండు మూడుసార్లు ఆన్ చేస్తే పట్టుకుంటుంది.

ఆ చప్పుడు వినగానే ఆపెయ్యండి. లోపల చదివే ముల్లు తన దారి దొరక్క తడుముకుంటోంది. అది డేటా ఉండే పలకని గీసేస్తే ఆ గీత కింద ఉన్నది మళ్లీ రాదు. ఫ్రిజ్‌లో పెట్టమని చెప్పే వీడియోలు నమ్మకండి. బయటికి తీయగానే లోపల తేమ పడుతుంది. చప్పుడు లేకుండా నెమ్మదిగా చదువుతున్న డిస్కు మీద చెక్‌డిస్క్ (డిస్కులో తప్పులు వెతికి సరిచేసే విండోస్ ప్రోగ్రామ్) నడపడం కూడా నాకు ఇష్టం ఉండదు. అది డిస్కు మీద మార్పులు రాస్తుంది, నీరసించిన డిస్కుతో గంటల తరబడి చాకిరీ చేయిస్తుంది. పెన్‌డ్రైవ్‌లో విండోస్ బదులు వాడే లినక్స్ వేసి, దాని నుంచి సిస్టం లేపి, ముందు ముఖ్యమైన ఫైళ్లు బయటికి లాగండి.

అపోహ: కాసేపు పనిచేసి దానంతటదే ఆగిపోతుంటే వైరస్.

చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల ఆఫీసుల నుంచి వచ్చే సిస్టాలు మూత తీస్తే చాలు, విషయం తెలిసిపోతుంది. ప్రాసెసర్ ఫ్యానుకీ దాని కింది రేకులకీ మధ్య రాతిపొడి దుప్పటిలా పరుచుకొని ఉంటుంది. గాలి ఆడదు, వేడి దిగదు, ప్రాసెసర్ తనని తాను కాపాడుకోవడానికి ఆపేసుకుంటుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్క వేలితో పట్టుకోండి, గిర్రున తిరిగితే బేరింగు పాడవుతుంది. ప్రాసెసర్ మీద వేడి దిగడానికి రాసే పాత పేస్ట్ ఎండి సున్నంలా అయితే తుడిచి కొత్తది బియ్యపు గింజంత పెట్టండి. ఆ తర్వాత కూడా ఆగుతుంటే అప్పుడు వైరస్ సంగతి ఆలోచిద్దాం.

అపోహ: ఎఫ్8 నొక్కితే సేఫ్ మోడ్ వచ్చి తీరుతుంది.

సేఫ్ మోడ్ అంటే విండోస్ తప్పనిసరి భాగాలతో మాత్రమే లేవడం. ఎఫ్8 మాట విండోస్ 7 వరకు నిజం. 8 నుంచి ఆ దారి మామూలుగా మూసే ఉంటుంది. విండోస్ 10 లేవడంలో వరసగా రెండు మూడుసార్లు విఫలమైతే రిపేరు తెర తానే తెచ్చుకుంటుంది, సేఫ్ మోడ్ దాని లోపల ఉంటుంది. ఆ తెర చూసి భయపడి కరెంటు కట్టెయ్యకండి.

అపోహ: పదేళ్లు దాటిన సిస్టం పాత ఇనుపసామానుకే.

పెళ్లి పత్రికలు వేసే డీటీపీ సెంటర్లలో పాత పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అను తెలుగు ఫాంట్ల కోసం విండోస్ ఎక్స్‌పీ సిస్టాలు ఇప్పటికీ నడుస్తున్నాయి. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీని 2014 ఏప్రిల్ 8నే వదిలేసింది. ఆ సిస్టం ఉంచుకోండి, ఇంటర్నెట్ వైరు మాత్రం పీకెయ్యండి, ఫైళ్లు ఇంకోచోట కాపీ పెట్టుకోండి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగింది. విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేని పాత బోర్డుల్ని ఒప్పుకోదు. అలాంటివాటికి ఒక చిన్న ఎస్ఎస్‌డీ, కాస్త ర్యామ్ వేసి లినక్స్ పెడితే బ్రౌజింగ్‌కీ పిల్లల చదువుకీ ఇంకా కొన్నేళ్లు హాయిగా పనికొస్తుంది. బోర్డే కాలిపోయిన సిస్టం మీద మాత్రం డబ్బు పెట్టమని నేను చెప్పను. అందులోని డిస్కు తీసి దాచుకోండి.

షాపుకి తెచ్చేటప్పుడు మానిటర్, కీబోర్డు మోసుకు రానక్కర్లేదు, సీపీయూ ఒక్కటి చాలు. ఆగిపోయిన తెరని ఫోన్లో ఫోటో తీసుకొని రండి. అంతకుముందు రోజు ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి: పిడుగు పడిందా, కరెంటు పోయి వచ్చిందా, ఎవరైనా కొత్తగా ఏదైనా తగిలించారా. ఆ రెండు ముక్కలు చెప్తే నాకు గంట పని తగ్గుతుంది.