కరాచీ పేరుంటే పాకిస్తాన్‌దేనా? బేకరీ పనివాడు చెప్పే అపోహలు - వాస్తవాలు

నేను పనిచేసేది కరాచీ బేకరీలో కాదు. హైదరాబాద్‌లోనే ఇంకో బేకరీ ఫ్యాక్టరీలో బిస్కెట్ సెక్షన్ చూస్తాను. అయినా నా పని ఏమిటో తెలియగానే పెళ్లి భోజనాల దగ్గరైనా, లిఫ్టులోనైనా అడిగేది ఒకటే: "ఆ కరాచీ బేకరీ పాకిస్తాన్ వాళ్లదటగా?" చెప్పి చెప్పి విసుగొచ్చింది.

అపోహ: అది పాకిస్తాన్ కంపెనీ, మన డబ్బు అక్కడికి పోతోంది.

వాస్తవం: కానే కాదు. దేశ విభజనప్పుడు కరాచీ వదిలేసి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ అనే సింధీ హిందువు 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర పెట్టిన దుకాణమది. ఇప్పటికీ ఆ కుటుంబానిదే. మళ్లీ వెళ్లలేని సొంత ఊరి పేరు బోర్డు మీద రాయించుకున్నాడాయన. మన ఇంటిపేర్లలో ఎన్ని ఊళ్లు లేవు? 'పంజాబ సింధు' అని బడిలో రోజూ పాడినవాళ్లమే, ఆ సింధులోని కరాచీ పేరు కనబడగానే ఉలిక్కిపడతాం.

ఇంకో సంగతి. పాకిస్తాన్ సింధ్‌లోనూ ఒక హైదరాబాద్ ఉంది. అక్కడ 1911లో ఒక సింధీ హిందూ కుటుంబం పెట్టిన బేకరీకి మంచి పేరు. దాని పేరు బాంబే బేకరీ. ఈ లెక్కన అది మనదని వెళ్లి తాళాలు అడగాలి మరి!

పోనీ సరుకు అక్కడి నుంచి వస్తుందా అంటే, పుల్వామా తర్వాత 2019లోనే పాకిస్తాన్ సరుకు మీద 200 శాతం సుంకం వేశారు. 2025 మేలో దిగుమతులే పూర్తిగా ఆపేశారు. నమ్మకం కుదరకపోతే డబ్బా తిప్పండి. తయారీ చిరునామా, ఆహార లైసెన్స్ నంబరు వెనకే ఉంటాయి. వాట్సాప్‌లో ఫార్వర్డ్ కొట్టే టైములో పది డబ్బాలు చదవొచ్చు.

ఈ పుకారు వల్ల నష్టపోయేది ఎవరు? 2019 ఫిబ్రవరిలో బెంగళూరు ఇందిరానగర్ బ్రాంచిలో బోర్డు మీద కరాచీ అన్న మాటకు గుడ్డ కప్పాల్సి వచ్చింది. 2025 మేలో శంషాబాద్ బ్రాంచి మీదికి వెళ్లి బోర్డు పాడుచేశారు. అలాంటప్పుడు ఎదురుగా ఉండేది ఓనరు కాదు, కౌంటర్ దగ్గర నిలబడే కుర్రాడు. ఆ రోజుల్లో మా డెలివరీ డ్రైవర్ "సార్, బండి మీద బేకరీ అని రాసుంది, పర్లేదా?" అని అడిగాడు. మా పేరులో ఏ ఊరూ లేదు. అయినా అతనికి టెన్షనే.

తెలియక భయపడేవాళ్ల మీద మాత్రం నాకు కోపం రాదు. మా అపార్ట్‌మెంట్‌లో ఒక పెద్దావిడ డల్లాస్‌లో ఉన్న కూతురికి ఫ్రూట్ బిస్కెట్లు కొని, డబ్బా మీద పేరు చూసి ఎయిర్‌పోర్టులో ఆపుతారేమోనని అన్నీ స్టీలు డబ్బాలోకి మార్చేసింది. "అత్తయ్యగారూ, లేబుల్ ఉన్న సీలు డబ్బా అయితేనే కస్టమ్స్ వాళ్లకు చూపించడం తేలిక. తినేవి ఉన్నాయని ముందే చెప్పండి, చాలు. విప్పినవి అక్కడికి చేరేలోపు మెత్తబడతాయి" అన్నాను. మళ్లీ కొత్త డబ్బాలు కొనుక్కొచ్చింది. విప్పినవి మా పిల్లలు తిన్నారు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఫ్రూట్ బిస్కెట్‌లో రకరకాల పండ్లుంటాయని అనుకుంటారు. ఆ ఎర్ర, ఆకుపచ్చ ముక్కలు టూటీ ఫ్రూటీ, అంటే పాకంలో ఉడికించి రంగు వేసిన పచ్చి బొప్పాయి. బేకరీ సరుకు అన్నింట్లో గుడ్డు ఉండదు, డబ్బా మీద ఆకుపచ్చ చుక్క చూసుకోండి. బ్రౌన్ బ్రెడ్ అంటే గోధుమ బ్రెడ్ అన్న గ్యారంటీ లేదు. పదార్థాల పట్టికలో మొదట మైదా ఉంటే అది మైదా బ్రెడ్డే, రంగు కారమెల్‌ది కావచ్చు.

ఇక పాత దుకాణం ఫ్యాక్టరీ పెడితే రుచి పోతుందంటారు. ఫ్రూట్ బిస్కెట్ పిండిని దిమ్మలుగా చేసి, చల్లబరిచి, గట్టిపడ్డాక కోయాలి. ఎండాకాలంలో కోల్డ్ రూమ్ లేకుండా ఆ పని చేసి చూడండి, కత్తికి అంటుకుని ఒక్కో ముక్క ఒక్కో మందంలో వస్తుంది. పల్చటివి మాడతాయి, మందంగా ఉన్నవి లోపల పచ్చిగా మిగులుతాయి. రుచి పోయేది వెన్న తగ్గించి వనస్పతి పెంచినప్పుడు. ఆ పని చిన్న బట్టీల్లోనూ చేస్తారు, నేను చూశాను.