లారీకి ముక్కు పోయింది, వేడి డ్రైవర్‌కి మిగిలింది

2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే, మూడున్నర టన్నులు దాటిన సరుకు లారీలన్నిటికీ క్యాబిన్‌లో ఏసీ ఉండాల్సిందేనని కేంద్రం నిబంధన పెట్టింది. "లారీ డ్రైవర్‌కి ఏసీ ఎందుకండీ, నిద్రపోతాడు" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లు మే నెలలో ఒక్క పూట ఆ క్యాబిన్‌లో కూర్చుని చూడాలి.

మా బాబాయి లారీ నడిపేవాడు. వేసవి సెలవుల్లో నన్నూ ఎక్కించుకునేవాడు. డ్రైవర్ సీటుకీ క్లీనర్ సీటుకీ మధ్య ఇంజిన్ మూత ఉబ్బెత్తుగా ఉండేది, దాని మీద గోనెసంచి, ఆపైన దుప్పటి మడతేసి కూర్చోబెట్టినా కాసేపటికే తొడలు చురుక్కుమనేవి. ఆయన ఎడమకాలు రోజంతా ఆ మూత పక్కనే క్లచ్ తొక్కుతూ ఉండేది.

ఒకప్పుడు లారీ ముందు ముక్కులా పొడుచుకొచ్చిన బానెట్ కింద ఉండే ఇంజిన్‌ని డ్రైవర్ పక్కకి తెచ్చింది చాలావరకు పొడవు కొలిచే చట్టాలే. అమెరికాలో ఒకప్పుడు రాష్ట్రాలు బంపర్ నుంచి ట్రైలర్ చివరిదాకా మొత్తం పొడవుకి హద్దు పెట్టేవి, అందుకని ముందు ముక్కు తీసేస్తే ఆ మేరకు వెనక సరుకు ఎక్కువ పట్టేది. 1982లో చట్టం మారి జాతీయ రహదారుల మీద ట్రైలర్‌ని మాత్రమే కొలవడం మొదలయ్యాక అక్కడి డ్రైవర్లు, కంపెనీలు మెల్లగా ముక్కున్న బండ్లకే మళ్లారు, 2006లో ఫ్రైట్‌లైనర్ కంపెనీ ముక్కులేని లారీ ఆర్గసీ కూడా అక్కడి మార్కెట్ నుంచి వెళ్లిపోయింది. యూరప్‌లో ట్రైలర్‌తో కలిపి 16.5 మీటర్ల లెక్క ఉండటంతో ముక్కులేని లారీలే నిలిచాయి. ఈమధ్య సవరించిన నిబంధనల వల్ల క్యాబిన్‌ని కాస్త పొడిగించే వీలు వచ్చింది, 2021లో డాఫ్ కంపెనీ ముందుగా దాన్ని వాడుకుంది. మన దగ్గరా మొత్తం పొడవే కొలుస్తారు, ఒకప్పుడు రోడ్ల నిండా కనిపించిన బానెట్ టాటా లారీలు ఇప్పుడు అరుదు.

డ్రైవర్లు ముక్కులేని బండిని ఇష్టపడటానికీ కారణాలున్నాయి. బంపర్ ముందు ఏముందో కనిపిస్తుంది, ఇరుకు బజార్లోనో మార్కెట్ యార్డులోనో తక్కువ జాగాలో తిప్పుకోవచ్చు, క్యాబిన్ ముందుకి వంచితే ఇంజిన్ మొత్తం చేతికందుతుంది. కాకపోతే వంచే ముందు లోపలి సామానంతా సర్దుకోవాలి, మంచినీళ్ల సీసా మరిచిపోయినా అద్దం మీదే పడుతుంది.

కష్టాలు మాత్రం ఒళ్లు హూనం చేసేవి. సీటు ముందు చక్రాల మీదే ఉంటుంది కాబట్టి ప్రతి గుంతా నేరుగా నడుముకి తగులుతుంది. ఎదురుగా ఏదైనా గుద్దుకుంటే మధ్యలో దెబ్బ కాసుకోవడానికి ఇంజిన్ ఉండదు, డ్రైవర్ మోకాళ్లే ముందుంటాయి. నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం వేసేది ఇదే.

ఏసీ నిబంధన కొత్త బండ్లకే, పాత లారీలు ఇంకా ఏళ్ల తరబడి తిరుగుతాయి. వాటి ఓనర్లు కనీసం ఇంజిన్ మూత కింద వేడిని ఆపే షీటు చిరిగితే మార్పించాలి, మూత చుట్టూ రబ్బరు పోతే కొత్తది వేయించాలి, ఆ సందుల్లోంచే పొగా సెగా లోపలికి కొడతాయి.