వాదించుకోవడానికి రాజు మిగలలేదు

జనవరి 24 దగ్గరపడితే చాలు, విజయనగరం జిల్లాలో బొబ్బిలి యుద్ధం జరిగిన 1757 మళ్లీ మొదలవుతుంది. ఫ్రెంచివారితో కలిసి బొబ్బిలి మీదికి వెళ్లిన విజయనగరం రాజు పెద విజయరామరాజు ద్రోహి అవునా కాదా అన్న తగువు మొన్న ఒక పెళ్లి బంతిలోనూ లేచింది. ఆడపిల్ల వారిది బొబ్బిలి, మగపిల్లవాడి వారిది విజయనగరం. పప్పు గిన్నె పట్టుకున్నవాడు ఎటు వెళ్లాలో తెలియక నిలబడిపోయాడు.

కోట ముట్టడి, మల్లమ్మదేవి, అంతఃపురంలో దూసిన కత్తులు ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు. నా లెక్కలో అసలు మలుపు కోట పడిన మూడో రాత్రి. బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు గుడారంలోకి దూరి విజయరామరాజును పొడిచి చంపాడు. పగ తీరింది, కథకు ముగింపు దొరికింది. గెలిచినవాడు తన సంగతి చెప్పుకోవడానికి మాత్రం మిగలలేదు.

చెప్పుకోదగ్గది లేకపోలేదు. రెండు సంస్థానాల మధ్య వాగుల నీటి తగాదా అంతకుముందే ఉందని ఆ శతాబ్దపు ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ రాశాడు. బొబ్బిలి వదిలితే మరోచోట అంతకు మించిన భూమి ఇస్తానని ఫ్రెంచి సేనాని బుస్సీ అన్నాడు, బొబ్బిలి రాజు రంగారావు ఒప్పుకోలేదు. బుస్సీని ఉసిగొల్పింది విజయరామరాజేనన్న మాటా ఆర్మ్ రాతలోనే ఉంది. దాన్ని దాచడం లేదు. అయితే జంగాల పాటలో ఉసిగొల్పడం ఉంటుంది, వాగు నీళ్లు ఉండవు. తంబురా మీద నీటి తగాదా ఏం పలుకుతుంది!

తర్వాతి ఏడాదే విజయరామరాజు వారసుడు ఆనందరాజు ఇంగ్లీషువారిని పిలిచి చందుర్తి దగ్గర ఫ్రెంచివారిని ఓడించడంతో, పరాయివాళ్లను తెచ్చే వంశమన్న ముద్ర గట్టిపడింది. బొబ్బిలిలో 1891లో యుద్ధస్తంభం లేచింది. విజయనగరం ఏలిన అదే పూసపాటి వంశంలోని చిన విజయరామరాజు 1794 జులై 10న పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యంతో పోరాడి ప్రాణం విడిచాడు. ఆ కథ చెప్పమని అడిగిన పిల్లవాడు నాకింకా తారసపడలేదు.

విజయనగరంలో పెద విజయరామరాజు కోసం ఏడ్చినది ఒక్కరే, యుద్ధం వద్దని బతిమాలిన చెల్లెలు పైడిమాంబ. అన్న పోయాక ఆమె పైడితల్లిగా వెలిసిందని జనం నమ్మకం. దసరా తర్వాతి మంగళవారం సిరిమాను అనే పొడవాటి మాను చివర కూర్చున్న పూజారి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్లివస్తాడు. కింద నుంచి జనం అరటిపళ్లు విసురుతారు. ఆ గుంపులో పొద్దున్నే బొబ్బిలి బస్సు దిగినవాళ్లూ ఉంటారు.