వలను కూడా తినే నత్త

పోయిన ఆదివారం యారాడ తీరంలో మా మేనల్లుడు ఒక పాత ఆల్చిప్ప ఏరుకొచ్చాడు. దాని మీద సేమియా అతికించినట్లు తెల్లని గొట్టాలు. "మామయ్యా, ఇవి పురుగులా, నత్తలా?" అని అడిగాడు. భూతద్దం పెట్టి చూశాం. అవి కట్టింది సముద్రపు పురుగే. అయినా వాడి ప్రశ్న నాకెంతో నచ్చింది. అచ్చం అలాంటి గొట్టాలే కట్టుకునే నత్తలున్నాయి, వాటి పేరు వెర్మెటిడ్లు. పిల్లదశలో చుట్ట తిరిగిన గుల్లతో మామూలు నత్తలాగే పాకుతాయి. తర్వాత రాయికో పగడానికో అతుక్కుని, ఇక జన్మలో కదలవు. గుల్ల గొట్టంలా సాగిపోతుంది. గొట్టం మొదలులో ఆ చిన్ననాటి చుట్ట, లోపల నున్నని మెరుపు కనిపిస్తే అది నత్తే.

నత్త పాదంతో పాకుతుందని బడిలో బట్టీ పట్టిస్తాం. పాకని నత్తకు పాదమెందుకని ఎవరూ అడగరు. ఆ పాదంలోని గ్రంథి జిగురును స్రవిస్తుంది, పక్కనున్న రెండు స్పర్శకాలు (మీసాల్లాంటి అవయవాలు) దాన్ని దారాలుగా సాగదీస్తాయి. దారాలు నీటిలో పరుచుకుని వల అవుతాయి.

మన జాలర్లు అలివి వలను పడవ మీద తీసుకెళ్లి వేసి, ఒడ్డున నిలబడి లాగుతారు. నత్త కూడా గొట్టంలోంచి కదలకుండానే లాగుతుంది. జాలరి వల కన్నుకంటే చిన్న చేప తప్పించుకుంటుంది. ఇక్కడ వలే బంక కాబట్టి కంటికి కనిపించని ప్లవకాలూ (నీటిలో తేలుతూ కొట్టుకుపోయే చిన్నచిన్న జీవులు) అంటుకుంటాయి. జాలరి చేపను తీసుకుని, వలను ఆరబెట్టి, చిరుగులు కుడతాడు. నత్త పట్టిన మేతతో పాటు వలనూ రంపంలాంటి నాలుకతో లోపలికి లాక్కుని తినేస్తుంది. జిగురంటే చక్కెర గొలుసులు తొడుక్కున్న ప్రోటీన్లు నీరు పీల్చి ఉబ్బిన జెల్. దాన్ని మింగితే పెట్టిన ఖర్చు కొంత తిరిగి ఒంట పడుతుంది. మళ్లీ కొత్త వల! మగనత్త నీటిలోకి వదిలిన వీర్యపు పొట్లాలు కూడా ఆడనత్త వలకే చిక్కుతాయి. గుడ్లను తన గొట్టంలోనే పొదుగుతుంది.

పగడమంటే మనకు కుజదోషం, ఉంగరమే గుర్తొస్తాయి. అది గుంపుగా బతికే జంతువు కట్టుకున్న అస్థిపంజరం. ఈ వలలు దాని మీద పడితే కష్టమే. పసిఫిక్‌లోని మూరియా దీవిలో చేసిన ప్రయోగాల్లో (ఫలితాలు 2010లో వచ్చాయి) సెరీసిగ్నమ్ మాక్సిమమ్ అనే వెర్మెటిడ్ జాతి వల్ల కొన్ని పగడాల పెరుగుదల 81 శాతం దాకా, బతికే అవకాశం 52 శాతం దాకా తగ్గాయి.

అమెరికా తూర్పు వైపున్న ఫ్లోరిడా దగ్గర కావాలని ముంచిన వాండెన్‌బర్గ్ ఓడ మీద దొరికిన ఒక కొత్త వెర్మెటిడ్ జాతిని 2017లో వర్ణించారు. దాని దగ్గరి బంధువులు పసిఫిక్‌లో ఉన్నాయి. ఓడ అడుగున అతుక్కుంటే, కదలని నత్త కూడా సముద్రాలు దాటగలదు. ఈ మాట విన్నప్పటినుంచి మా వాడు ఫిషింగ్ హార్బరులో ఒడ్డుకెక్కించిన పడవల అడుగులు చూద్దామంటున్నాడు. వచ్చే ఆదివారం భూతద్దం పట్టుకుని వెళ్తున్నాం.