ట్రాక్ మీద ముందు మరిగేది బ్రేక్ ఆయిలే

“సార్, సెకండ్ హ్యాండ్‌లో స్విఫ్ట్ తీసుకున్నా. శ్రీపెరంబుదూరు దగ్గర ట్రాక్ డేకి పేరిచ్చా. ఇంజన్ రీమ్యాప్ చేయించనా, ఎగ్జాస్ట్ మార్చనా? ముందు ఏది?”

నెల్లూరులో నా దగ్గర ఇంటర్ ఫిజిక్స్ చదువుకుని, ఇప్పుడు చెన్నైలో ఉద్యోగం చేస్తున్న కుర్రాడు ఫోన్‌లో అడిగిన మాట ఇది. “బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్పించావబ్బాయ్?” అన్నాను. మార్పించలేదట. కారు కొని ఏడాదైంది, పాత ఓనరు మార్పించాడో లేదో తెలీదట. “అయితే ఇంజన్ జోలికి పోవద్దు. ఆదివారం కారేసుకుని నెల్లూరు రా” అన్నాను.

ట్రాక్ డే అంటే పోటీ కాదు. మన సొంత కారునే రేసు ట్రాక్ మీద పదిహేను, ఇరవై నిమిషాల చొప్పున నడుపుకోనిస్తారు. మనకు దగ్గర్లో ఉన్నది శ్రీపెరంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ట్రాక్. చుట్టు 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు, 1990లో మొదలైంది. అంతకుముందు మద్రాసు రేసులు షోలవరంలో జరిగేవి, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద. నెల్లూరు నుంచి చెన్నై పోయే హైవే మీద రెడ్‌హిల్స్‌కి ముందు తగిలే షోలవరమే అది. మన ఊరి బస్సులు రోజూ దాని పక్కనుంచే పోతుంటాయి.

ఇక లెక్కలోకి వద్దాం. ఈ లెక్క క్లాసులో చెప్పకుండా గతిశక్తి పాఠం ముగించడం నాకు ఎప్పుడూ ఇష్టం ఉండేది కాదు. మనిషితో కలిపి 1000 కిలోల కారు గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వస్తోంది. ముందు మలుపు ఉంది, 60కి దించాలి. 140 దగ్గర దాని గతిశక్తి సుమారు 756 కిలోజౌల్స్. 60 దగ్గర 139. తేడా 617. అదెక్కడికీ మాయం కాదు. కొంచెం గాలికీ టైర్లకూ పోతుంది, మిగతాదంతా చక్రంతో పాటు తిరిగే బ్రేకు డిస్కుల్లో వేడిగా మారుతుంది. 617 కిలోజౌల్స్ అంటే ఎంత? రెండు లీటర్ల నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగేదాకా తేవడానికి సరిపోయేంత. మనింట్లో గ్యాసు పొయ్యి మీద గిన్నె పెట్టి నిమిషాల తరబడి చూడాల్సిన పని ఇది. కారులో రెండున్నర సెకన్లలో అయిపోతుంది.

అదే లెక్కను ఇంకో వైపు నుంచి చూడండి. రెండున్నర సెకన్లలో 617 కిలోజౌల్స్ అంటే దాదాపు 250 కిలోవాట్లు, హార్స్‌పవర్‌లో 330 పైమాటే. ఆ కారు ఇంజన్ శక్తి 90 హార్స్‌పవర్‌కి అటూ ఇటూ. అంటే కారులో అన్నిటికన్నా బలమైన యంత్రం బానెట్ కింద లేదు, చక్రాల్లో ఉంది. మనవాళ్లు ఇంజన్‌కి ఇంకో ఐదారు హార్స్‌పవర్ ఎట్లా కలపాలా అని ఆలోచిస్తారు. దానికి మూడు నాలుగు రెట్లు పనిచేసే బ్రేకుల గురించి అడిగేవాళ్లు తక్కువ.

గట్టిగా బ్రేకు వేస్తే బరువు ముందుకు పడుతుంది కాబట్టి ఆ వేడిలో 70 శాతం దాకా ముందు చక్రాలకే పోతుంది. ఒక్కో ముందు డిస్కు వాటా 215 కిలోజౌల్స్ అనుకుందాం. డిస్కు 5 కిలోల పోత ఇనుము. ఇనుము విశిష్టోష్ణం (ఒక కిలోను ఒక డిగ్రీ వేడెక్కించడానికి పట్టే వేడి) పెట్టి లెక్కేస్తే ఒక్క బ్రేకుకు డిస్కు 90 డిగ్రీల పైన వేడెక్కుతుంది. అది చల్లారేలోపే ఇంకో మలుపు వస్తుంది. చుట్టుకు మూడుసార్లు గట్టిగా తొక్కినా ఏడు చుట్లకు ఇరవై ఒక్కసారి. వేడెక్కేకొద్దీ డిస్కు గాలికి వదిలే వేడి కూడా పెరుగుతుంది కాబట్టి ఎక్కడో ఒక చోట నిలకడకొస్తుంది. ఆ నిలకడ 400, 500 డిగ్రీల దగ్గర ఉండొచ్చు. 525 దాటితే చీకట్లో ఇనుము ఎర్రగా కనబడటం మొదలవుతుంది.

డిస్కును ఒరుసుకుని ఆపే ప్యాడ్ దానికి ఆనుకుని ఉంటుంది. ప్యాడ్‌ని నొక్కేది కేలిపర్ (డిస్కును పట్టుకునే బిగింపు) లోని పిస్టన్, పిస్టన్ వెనకాల బ్రేక్ ఆయిల్. నేను చెప్పదలచుకున్నదంతా ఇక్కడే ఉంది.

బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది నూనె కాదు. గ్లైకాల్ ఈథర్ల జాతి ద్రవం. నిజంగా ఇంజన్ ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. ఈ ద్రవం నీళ్లలో కలుస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఇది చేసే పని ఒక్కటే. మన కాలి బలాన్ని పెడల్ నుంచి చక్రం దాకా మోయడం. ద్రవాన్ని నొక్కినా దాదాపుగా కుదించుకుపోదు కాబట్టే ఇది కుదురుతుంది.

దీన్ని నేను సూది లేని సిరంజితో చూపించేవాణ్ని. నిండా నీళ్లు ఎక్కించి, మూతిని వేలితో మూసి ప్లంజర్ నొక్కమంటే పిల్లలెవరి వల్లా అయ్యేది కాదు, రాయిలా ఉండేది. తర్వాత అందులో శనగగింజంత గాలి బుడగ ఉంచి నొక్కమనేవాణ్ని. మెత్తగా లోపలికి దిగేది. బ్రేకు పెడల్‌కూ అంతే. ద్రవం మరిగి ఒక్క చోట ఆవిరి బుడగ కట్టిందా, మనం తొక్కే తొక్కుడంతా ఆ బుడగను నలపడానికే పోతుంది, చక్రానికి ఏమీ అందదు. పెడల్ నొక్కితే ద్రవాన్ని పైపుల్లోకి తోసే మాస్టర్ సిలిండర్ ఒక్క తొక్కుడుకు పంపగలిగే ద్రవం చిన్న కారులో రెండు మూడు టీస్పూన్లకు మించదు. ఒక చుక్క నీరు ఆవిరైతే 1,700 రెట్లు ఉబ్బుతుంది, అంటే పదిహేను టీస్పూన్ల పైమాటే.

సిరంజితోనే రెండో ప్రయోగం. ఈసారి వేడి నీళ్లు, 80 డిగ్రీలవి, సగం దాకా ఎక్కించాలి. మూతి మూసి ప్లంజర్‌ని వెనక్కి లాగితే నీళ్లు బుడబుడా మరుగుతాయి. పొయ్యి లేదు, మంట లేదు. ఒత్తిడి తగ్గితే మరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది. కుక్కర్‌లో దీనికి తిరగబడ్డ కథ. లోపల ఒత్తిడి రెట్టింపై నీళ్లు 120 డిగ్రీల దాకా మరగవు. బ్రేకు తొక్కినంతసేపూ పైపుల్లో ఒత్తిడి వాతావరణ పీడనానికి 70, 80 రెట్లు ఉంటుంది, అప్పుడు ద్రవం మరగదు. కాలు తీసి యాక్సిలరేటర్ మీద వేసినప్పుడు ఒత్తిడి దిగిపోతుంది. మరిగేది ఆ క్షణంలో. డ్రైవరుకు ఏమీ తెలీదు, కారు హాయిగా స్ట్రెయిట్‌లో పోతుంటుంది. తర్వాతి మలుపు దగ్గర తొక్కితే పెడల్ నేలకు తగులుతుంది. అప్పటికి టైమ్ మిగలదు. రెండు మూడుసార్లు గబగబా పంపు కొడితే కొంత బలం దొరకవచ్చు, అంతే.

నాకిది దోర్నాల ఘాట్‌లో అనుభవమైంది. శ్రీశైలం నుంచి కుటుంబంతో తిరిగొస్తున్నాం. బయల్దేరేముందు సర్వీసింగ్‌కిస్తే ఆ గ్యారేజీలో ఎప్పుడో మూత తీసిన పాత సీసాలోంచి బ్రేక్ ఆయిల్ పోసి పంపారు. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగాలని లారీ డ్రైవర్లు చెప్పే మాట నాకూ తెలుసు, అయినా ఆరోజు టాప్ గేరులో బ్రేకు మీద కాలు పెట్టుకునే దిగాను. సగం దారిలో పెడల్ స్పాంజిలా అయింది. హ్యాండ్‌బ్రేకుతో, గేరు తగ్గించి ఎలాగో పక్కకు ఆపాను. అరగంట కూర్చుని మళ్లీ తొక్కి చూస్తే పెడల్ గట్టిగా మామూలుగా ఉంది. ఊరొచ్చాక మెకానిక్ చూసి ఏ లోపమూ లేదన్నాడు. ఇంట్లోవాళ్లు దిష్టి తగిలిందన్నారు. గుమ్మడికాయ కొట్టారు.

ఆ మాట అన్నందుకు వాళ్లను నేను తప్పు పట్టను. చల్లారితే ఆవిరి మళ్లీ ద్రవమైపోతుంది, సాక్ష్యం మిగలదు. ఆధారం మిగలని లోపాలే దిష్టి నమ్మకాలకు తిండి. అందుకే ఇలాంటి పాఠాలు బోర్డు మీద సూత్రంగా రాసి వదిలేయకూడదని, పిల్లల చేతికి సిరంజి ఇవ్వాలని అంటాను. గూడూరు నిమ్మకాయలు టైర్ల కింద పెట్టి తొక్కించండి, అడ్డు చెప్పను. అదే చేత్తో బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ పోసే చిన్న తెల్ల డబ్బాలో ద్రవం ఏ రంగులో ఉందో కూడా చూడండి.

తేమ ఎంత నష్టం చేస్తుందో అంకెల్లో ఉంది. బ్రేక్ ఆయిల్ గ్రేడుల్లో డాట్ 3 రకం కొత్తది 205 డిగ్రీల దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరాక దానికి పెట్టిన హద్దు 140 మాత్రమే. డాట్ 4కి 230, 155. డాట్ 5.1కి 260, 180. ఈ నీరు ఎవరో పోసేది కాదు. రబ్బరు గొట్టాల గుండా, డబ్బా మూత గుండా తనంతట తనే చేరుతుంది. మైపాడు, కొత్తపట్నం వైపు సముద్రపు గాలిలో తిరిగే కార్ల సంగతి చెప్పక్కర్లేదు. రెండేళ్లకొకసారి మార్చమనేది ఇందుకే. ట్రాక్‌కి పోయేవాడు పోయే ముందే మార్చుకోవాలి, సీలు తీయని సీసాతో.

ఆదివారం కుర్రాడొచ్చాడు. ఆటోనగర్‌లో నాకు తెలిసిన మెకానిక్ దగ్గరికి పోయాం. జాకీలెత్తి, మాస్టర్ సిలిండర్‌కి అన్నిటికన్నా దూరంగా ఉన్న ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టాడు. పాత ద్రవాన్ని బయటికి వదిలే బ్లీడ్ నిపుల్‌కి సన్నటి ప్లాస్టిక్ ట్యూబు తగిలించి, రెండో కొస ఖాళీ వాటర్ బాటిల్లో పెట్టాడు. కుర్రాణ్ని సీట్లో కూర్చోబెట్టి, “తొక్కు... పట్టు... ఇంక వదులు” అంటూ నిపుల్ తిప్పుతున్నాడు. ట్యూబులోంచి నల్లటి ద్రవం, మధ్య మధ్యలో చిన్న బుడగలు. “ఏంది సార్ ఇది, కషాయం మాదిరుండాది” అన్నాడు మెకానిక్. పైన డబ్బా ఖాళీ కాకుండా నేను కొత్త డాట్ 4 పోస్తూ ఉన్నాను. ఖాళీ అయితే గాలి లోపలికి పోయి పనంతా మొదటికొస్తుంది. నాలుగో చక్రం దగ్గర ట్యూబులో తేనెకన్నా లేత రంగు కనబడ్డాక ఆపాడు. ఫెండర్ మీద రెండు చుక్కలు పడితే గబగబా నీళ్లు కొట్టాడు. ఈ ద్రవం పెయింటును తినేస్తుంది, నీళ్లతోనే పోతుంది కూడా.

తర్వాత ప్యాడ్లు. వేడెక్కితే ప్యాడ్‌లోని రెజిన్ విచ్చిపోయి పట్టు తగ్గుతుంది. అప్పుడు పెడల్ గట్టిగానే ఉంటుంది, కారు మాత్రం ఆగదు. పెడల్ మెత్తబడితే ద్రవం, గట్టిగా ఉండీ ఆగకపోతే ప్యాడ్. ఈ తేడా గుర్తుంచుకోండి. అసలు సిసలు రేసు ప్యాడ్లు చల్లగా ఉంటే సరిగా పట్టవు, పొద్దున్నే ట్రంకు రోడ్డులో ఆటో అడ్డమొస్తే అవి పనికిరావు. రోజూ నడిపే కారుకు మధ్యరకం చాలు. ముందు డిస్కు రెండు రేకులుగా ఉండి మధ్యలో సందులున్నదైతే అది తిరుగుతూ ఫ్యానులా నడిమి నుంచి గాలి పీల్చి అంచుల్లోంచి విసిరేస్తుంది. బంపర్ నుంచి ఒక గొట్టం ఆ నడిమికి తెస్తే ఇంకా మేలు.

టైర్ల గురించి ఒక్క లెక్క. 30 డిగ్రీల దగ్గర 33 పీఎస్ఐ కొట్టి, లోపలి గాలి 80 డిగ్రీలకు చేరితే ఎంతవుతుంది? గేజీ చూపేది వాతావరణ పీడనం పైన ఉన్నదాన్నే, కాబట్టి 14.7 కలిపి, కెల్విన్‌లోకి మార్చి, మళ్లీ తీసేయాలి. 41 దగ్గర తేలుతుంది. గట్టిపడ్డ టైరు పట్టు వదులుతుంది. కాబట్టి సెషన్ అయి రాగానే గేజీ పెట్టి చూసి గాలి తగ్గించుకోవాలి, ఇంటికి బయల్దేరేముందు మళ్లీ కొట్టించుకోవాలి. ఎగ్జాస్టులు, ఇంజన్ మార్పుల జోలికి పోయేవాళ్లు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చదువుకోండి. ఆర్సీ మీదున్న వివరాలకు తేడా వచ్చే మార్పులు రోడ్డు మీద చెల్లవు. ఇక, ఈ వేగాలు ట్రాక్ మీదే. నెల్లూరు బైపాస్ మీద బర్రెలు దాటుతుంటాయి, మనుషులు దాటుతుంటారు.

ట్రాక్ డే సాయంత్రం ఫోన్ చేశాడు. పెడల్ మొదటి చుట్టులో ఎట్లా ఉందో చివరి చుట్టులోనూ అట్లాగే ఉందట. నేను చెప్పినట్టు ఆఖరి చుట్టు బ్రేకు తాకకుండా నెమ్మదిగా తిప్పుకొచ్చి, హ్యాండ్‌బ్రేకు లాగకుండా గేరులో ఉంచి చక్రం కింద ఇటుక పెట్టాడు. హ్యాండ్‌బ్రేకు పట్టేది ఈ కారు వెనక చక్రాల్లో డిస్కుల బదులు ఉండే డ్రమ్ములను; వేడి డ్రమ్మును బిగించి పట్టుకుంటే ఆ వేడి అక్కడే చిక్కుకుంటుంది. స్నేహితుడి దగ్గర తీసుకున్న ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కేలిపర్ వేడి రాసుకున్నాడు. ఆపగానే 96. పది నిమిషాలాగి చూస్తే 121.

“ఆగిపోయిన కారులో వేడి ఎట్టా పెరిగింది సార్?” అన్నాడు. గాలి ఆగిపోయింది గదరా. డిస్కులో దాచుకున్న వేడి ప్యాడ్‌లోకి, ప్యాడ్‌లోంచి కేలిపర్‌లోకి నడుచుకుంటూ వస్తుంది, దాన్ని పట్టుకుపోయే గాలి ఇప్పుడు లేదు. ఈసారి ఒక చుట్టు కాదు, రెండు చుట్లు చల్లార్చుకుని లోపలికి రమ్మన్నాను.